పసుపు దారం కట్టిన నలభై కొర్రమట్టలు

పాలకుర్తి దగ్గర ఒక ఊరి చెరువు గట్టు మీద మల్లయ్య అనే పెద్దాయన అడిగిన ప్రశ్నతో ఈ ప్రయాణం మొదలైంది. “బిడ్డా, ఈ ఎండకాలం వల ఎయ్యాల్నా, ఆపాల్నా? నీ సదువు ఏం జెప్తది?” ఆయన అక్కడి మత్స్యకారుల సంఘం పెద్ద. సంఘంలో పదకొండు ఇళ్లు. చెరువు నీళ్లు తగ్గే మార్చి నుంచి, ఊరూరా చేపలు తినే మిరుగం దాకా, అంటే జూన్‌లో వచ్చే మృగశిర కార్తె దాకా, ఆ ఇళ్లకు కొర్రమట్ట చేపే ఆధారం. రెండేళ్లుగా అది తగ్గుతోందని వాళ్లకే అనుమానం వచ్చింది. తల్లి చేపల్ని ఊడ్చేస్తే వచ్చే ఏడు పిల్ల ఉండదు. వల ఆపితే ఈ ఏడు పొయ్యి మీద ఎసరు ఉండదు. ఈ రెండిటి మధ్య ఆ పెద్దమనిషి నా మాట కోసం కూర్చున్నాడు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. వరంగల్‌లో జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, మా ఇల్లు జనగామ. అంత బరువైన మాట నన్నెవరూ అంతకుముందు అడగలేదు.

ఇదంతా 2011 వేసవి మొదట్లోది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇప్పుడు మూడు జిల్లాలు గానీ అప్పుడు ఒకటే వరంగల్ జిల్లా. మూడు వైపులా ఒక్కో చెరువు ఎంచుకున్నాను. పాలకుర్తి దగ్గరొకటి, దంతాలపల్లి దగ్గరొకటి, చెల్పూర్ దగ్గరొకటి. చెరువులో చేపల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టలేం కదా. అందుకని కొన్నిటిని పట్టి గుర్తు పెట్టి వదిలేస్తాం. తర్వాత మళ్లీ పట్టినప్పుడు అందులో గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూస్తాం. తక్కువ పడితే చెరువు నిండా గుర్తు లేనివి ఉన్నట్టు. ఎక్కువ పడితే చెరువులో చేపలే కొద్దిగా ఉన్నట్టు. ఒక్కో చెరువులో మూరెడు దాటిన నలభై కొర్రమట్టలకు వీపు రెక్కలో దారం గుచ్చి ముడి వేసి వదిలాను. నల్లటి ఒంటి మీద బాగా కనబడాలని జనగామ బజార్లో వెతికి వెతికి పసుపు రంగు దారం కొన్నాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

పది రోజుల పాటు వాళ్లు చిన్న వలలతో రోజూ పట్టుకునే చేపల్ని పట్టుకోవాలి. గట్టు మీద రెండు డబ్బాలు పెట్టించాను. మూరెడు దాటిన మామూలు కొర్రమట్ట పడితే ఒక డబ్బాలో గులకరాయి, దారం ఉన్నది పడితే రెండో డబ్బాలో చింతగింజ. రాతకోతల పని లేదు, పడినవి రెండు రకాలూ ఎప్పటిలాగే అమ్ముకోవచ్చు. నేను వచ్చి రాళ్లు, గింజలు లెక్కపెట్టి, చెరువులో రెండు వందలు దాటి ఉంటే పెద్ద వల వేయండి అని, లోపుంటే వానల దాకా ఆపండి అని చెప్పాలి. మూడు సంఘాలతోనూ ఇదే ఒప్పందం. రెండు వారాలు దాటితే దారాలు ఊడిపోతాయి. ఆలస్యమైతే లెక్క పోతుంది, వాళ్లకు ఎండాకాలం పోతుంది. సరిగ్గా నేను బయల్దేరాల్సిన రోజునే తెలంగాణ కోసం బంద్ పిలుపు వచ్చింది.

పొద్దున ఐదున్నరకు జనగామ బస్టాండుకు వెళ్తే లోపల బస్సులన్నీ వరుసగా నిలబడి ఉన్నాయి, ఒక్కటీ కదలడం లేదు. బయట గులాబీ జెండా కట్టుకున్న ఒక ఆటో ఉంది. నడిపే ఆయన పేరు ఖాజా, ఊళ్లోనే గిర్నిగడ్డ వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి. పాలకుర్తి మీదుగా దంతాలపల్లి దాకా, అక్కడి నుంచి మానుకోటకు అంటే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటారు. “ఆరు వందలు అయితది మేడం. ఇయ్యాల రోడ్డు మీద ఎక్కడ ఆపుతరో, ఎప్పుడు ఇడుస్తరో నా చేతుల లేదు.” బేరం ఆడే ఓపిక లేదు, ఎక్కేశాను. జనగామ నుంచి పాలకుర్తి ముప్పై కిలోమీటర్ల లోపే. మామూలు రోజుల్లో బస్సుకు గంట. ఆ రోజు మూడు చోట్ల రోడ్డుకు అడ్డంగా మొద్దులు, ఒకచోట టైరు కాలుతోంది. ఆగిన ప్రతిచోటా గడియారం చూసుకున్నాను. ఖాజా భాయ్ అది గమనించి, “గంత ఫికర్ ఎందుకు మేడం? దవాఖానకా?” అన్నాడు.

“కాదన్నా, చేపల్ని లెక్కపెట్టడానికి” అన్నాను. ఆయన ఆటో ఆపినంత పని చేశాడు. విషయం చెప్తే కాసేపు నవ్వి, ఆ తర్వాత నిజంగానే ఒక మంచి ప్రశ్న వేశాడు. “ఒక కొర్రమట్ట ఎయ్యిల గుడ్లు పెడ్తదట గద. మరి చెరువు నిండిపోవాలె. ఎందుకు నిండదు?” గుడ్లు వేలల్లో ఉంటాయి, పిల్లలు ఎర్రటి గుంపుగా తేలుతుంటే తల్లీ తండ్రీ కింద కాపలా తిరుగుతాయి, అయినా కొంగ, పాము, పెద్ద చేపలు తినగా పెరిగేవి కొన్నే అని చెప్పాను. మొదట్లో ఎంత వేగంగా పెరిగినా, చెరువు పెట్టగలిగిన తిండి దగ్గర, ఇవ్వగలిగిన చోటు దగ్గర ఆగిపోతాయి. కాపలా తల్లుల్ని మనం పట్టేస్తే ఆ గుంపు రెండు రోజుల్లో ఖతం. ఖాజా భాయ్ వెంటనే అందుకుని, “అంటే పిల్లలు కాదు, తల్లులు ఎన్నున్నయో సూడాలె” అన్నాడు. మా ప్రొఫెసరు గారు ఆ మాట మాకు అర్థం చేయించడానికి ఒక టర్మ్ అంతా తీసుకున్నారు.

ఎనిమిదింటికి మల్లయ్య గారి చెరువు చేరాం. డబ్బాలు కుమ్మరించి గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. రాళ్లు నలభై ఐదు, గింజలు ముప్పై. మొత్తం డెబ్బై ఐదు పడితే అందులో ముప్పై దారంవి. అంటే పడిన ప్రతి ఐదింటిలో రెండు నావే. చెరువంతా అదే పాళ్లు అనుకుంటే, నేను కట్టిన నలభైతో కలిపి మొత్తం వంద. రెండు వందలు కాదు, అందులో సగం. మళ్లీ లెక్కపెట్టాను, మూడోసారీ లెక్కపెట్టాను. గింజలు పెరగవు, తరగవు. మల్లయ్య నా ముఖంలోకే చూస్తున్నాడు. నిజంగా చేపలు తగ్గుతున్నాయన్న అనుమానం అందరిలోనూ ఉంది కాబట్టి నాకు ఆ అంకె మీద సందేహమే రాలేదు. మల్లయ్య భార్య సాయవ్వ కాస్త దూరంలో బుట్ట అల్లుకుంటోంది. ఆమెను ఒక్క ముక్కా అడగలేదు.

“వంద కంటే ఎక్కువ లేవు బాపూ. వానల దాకా వల వేయొద్దు” అని చెప్పేశాను. ఆయన భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకుని, “చెప్పినవ్ గద బిడ్డా. ఆపుతం” అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆటో ఎక్కాను. పదకొండు ఇళ్లు ఏం తింటాయి అని దారంతా అదే ఆలోచన.

తొర్రూరు దాటి దంతాలపల్లి చేరేసరికి పన్నెండు దాటింది. వరంగల్–ఖమ్మం పెద్ద రోడ్డు మీద అడ్డంగా పొయ్యిలు పెట్టి, గుండిగల్లో అన్నం, పప్పు వండుతున్నారు. రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తినడం, వంటావార్పు, ఆ రోజుల్లో మా దగ్గర నిరసన. నేను కలవాల్సిన సంఘం వాళ్లంతా అక్కడే ఉన్నారు. వాళ్ల పెద్ద గరిటె పట్టుకుని వడ్డిస్తున్నాడు. పప్పు కలుపుతున్న ఒకామె నన్ను చూసి, “అక్కా, ముందుగాల తిను. లెక్కలు యాడికి వోవు” అని విస్తరి చేతిలో పెట్టింది. ఎంతమంది వచ్చారని పక్కన ఇద్దరు వాదించుకుంటున్నారు. ఐదు వేలని ఒకాయన, పది వేలకు తక్కువ లేరని ఇంకొకాయన. నాకైతే రెండు వేలు అనిపించింది, అనలేదు. విస్తరి పక్కన పెట్టి, డబ్బాలు తెప్పించి పొయ్యిల వెనక నిలబడి లెక్కపెడితే రాళ్లు యాభై ఆరు, గింజలు ఇరవై ఎనిమిది. పాలకుర్తిలో కట్టినట్టే లెక్క కడితే చెరువులో నూట ఇరవై. ఇక్కడా అదే కథ. సంఘం పెద్ద జై తెలంగాణ అని అరుస్తూ సంతోషంగా వడ్డిస్తున్నాడు. ఆ మనిషికి అప్పుడు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. రేపు ఫోన్ చేస్తానని తప్పించుకుని ఆటో ఎక్కాను. పిరికితనమే, ఒప్పుకుంటాను.

మానుకోటలో స్టేషన్ ఎదురు లాడ్జిలో రెండు వందలకు గది దొరికింది. మర్నాడు రైళ్లు ఆపుతారని పుకారు. పొద్దున ఆరింటికే ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాను. అదృష్టం, గంటన్నర ఆలస్యంగానైనా ప్యాసింజర్ వచ్చింది, పద్నాలుగు రూపాయల టికెట్టుతో వరంగల్‌లో దిగాను. అక్కడి నుంచి పరకాల దాకా ఒక జీపు, పరకాల నుంచి చెల్పూర్ దాకా సామాన్లు వేసుకుపోతున్న ట్రాలీ. భూపాలపల్లి వెళ్లే రోడ్డులో కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడగానే దిగిపోతే చెరువు అక్కడి నుంచి రెండు కిలోమీటర్ల నడక. మూడింటికి చేరేసరికి మగవాళ్లెవరూ లేరు, ధర్నాకు పోయారు. కొమురవ్వ అనే అరవై ఏళ్లావిడ ఒక్కతే రేవు దగ్గర చేపలు ఏరుకుంటోంది. వలలో పడినవాటిని విడదీసి బుట్టల్లో పెట్టడం, ఊళ్లు తిరిగి అమ్మడం అక్కడ ఆడవాళ్ల పని.

డబ్బాలు కుమ్మరించాను. రాళ్లు యాభై ఎనిమిది. గింజలు యాభై రెండు.

యాభై రెండు! నేను దారం కట్టిందే నలభై చేపలకు. కట్టిన వాటికంటే ఎక్కువ ఎలా పడతాయి? ఎవరో ఆకతాయిగా గింజలు వేశారనుకుని మండిపోయాను. “అవ్వా, ఈ డబ్బాలో ఎవరు గింజలు వేశారు?” అని కొంచెం గట్టిగానే అడిగాను.

“నేనే ఏసిన. దారంది పడ్డప్పుడల్లా ఒక గింజ. నువ్వు జెప్పినట్టే జేసిన” అంది.

“మరి నలభైకి కడితే యాభై రెండు ఎట్లా పడ్డయి?”

“ఎట్లేంది? పడ్డదాన్ని మల్ల నీళ్లల్ల ఇడిస్తిమి. మల్ల పడె. మల్ల ఇడిస్తిమి.” నా ముఖం చూసి ఆమెకే విచిత్రం అనిపించినట్టుంది. “పసుపు దారం కట్టి ఇడిసినవ్ గద బిడ్డా. గంగమ్మకు మొక్కి ఇడిసిన చేప అది. దేవునికి ఇడిసిన కోడెను ఎవ్వలన్న కోస్తరా? గా చేపను నేను బుట్టల పెడ్తే ఊరోళ్లు కొంటరా?”

లెక్క కోసం కట్టానని చెప్పాను కదా అన్నాను. “చెప్తే మొగోళ్లకు చెప్పినవ్. చేప వచ్చేది మా చేతులకు” అంది ఆమె, చెయ్యి ఆపకుండానే. అంతకంటే ఏం చెప్పాలి! అమ్మకుండా వదిలేయడం ఒక ఎత్తు. వదిలిన చోటు ఇంకో ఎత్తు. ఆడవాళ్లు వాటిని లోతు నీళ్లలోకి విసరలేదు, రేవు పక్కనే గడ్డి దుబ్బుల్లో మెల్లగా వదిలారు. కొర్రమట్ట నీడ దొరికితే అక్కడే ఉండిపోయే చేప. మగవాళ్లు తెల్లారి మొదటి వల వేసేది ఆ దుబ్బుల పక్కనే. రోజూ అవే చేపలు, రోజూ అవే గింజలు. “ఒకదానికి తోక తెగింది, మొండి అని పేరు పెట్టిన. అది ఇయ్యాల గూడ వచ్చింది” అని కొమురవ్వ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. వేరు వేరు చేపలు ఎన్ని ఉంటాయని అడిగితే, ఆమె మచ్చలు, చీలిన రెక్కలు గుర్తు చేసుకుంటూ వేళ్ల మీద పన్నెండు చెప్పింది. అంటే పడింది నూట పది చేపలు కాదు, డెబ్బై. అందులో నావి పన్నెండు. నలభైకి లెక్క కడితే మొత్తం రెండు వందల ముప్పై పైనే వస్తుంది. పాత లెక్క ప్రకారం అయితే ఎనభై ఐదు. ఆ చెరువు వాళ్లకు వల వేసుకోవచ్చని చెప్పమని కొమురవ్వకే అప్పగించాను. దంతాలపల్లికి ఫోన్ చేసి, ఇంకా ఏమీ చెప్పలేదు కాబట్టి, ఆడవాళ్లను అడిగి వేరు వేరు చేపలెన్నో చెప్పమన్నాను. అక్కడా అదే జరిగింది, ఏడో ఎనిమిదో చేపలే తిరిగి తిరిగి పడ్డాయట, లెక్క మూడు వందలు దాటింది, వల వేసుకోమన్నాను. నా పిరికితనం వాళ్లను కాపాడింది. మల్లయ్య ఫోన్ మాత్రం ఎన్నిసార్లు చేసినా మోగలేదు. చెప్పేసింది అక్కడొక్కచోటే.

మర్నాడు రెండు జీపులు, ఒక లారీ, మళ్లీ ఆటో మారి పాలకుర్తి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. మల్లయ్య ఇంటి ముందు పెద్ద వల లేదు, మడిచి అటక మీద పెట్టేశారు. నిలబడే చెప్పాను. తప్పు జరిగింది బాపూ, పడినవే మళ్లీ పడ్డాయి, చేపలు వంద కాదు. సాయవ్వను అడిగితే ఆమె తడుముకోకుండా తొమ్మిది అంది. నలభై ఐదూ తొమ్మిదీ యాభై నాలుగు, అందులో తొమ్మిది నావి. ఆరింటికి ఒకటి, అంటే చెరువులో మొత్తం రెండు వందల నలభై. “వల వేసుకోవచ్చు బాపూ, రేపే వేసుకోవచ్చు” అన్నాను. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి.

మల్లయ్య కూర్చోమన్నాడు. సాయవ్వ నీళ్లిచ్చింది. “నువ్వు వోయిన పొద్దుగాలనే ఆడోళ్లంత బోనం ఎత్తిండ్రు బిడ్డా. వానలు వడేదాక వల ముట్టం, నీళ్లల్ల పిల్లను నింపు తల్లీ అని పదకొండు ఇండ్లోళ్లం గంగమ్మకు మొక్కినం. తూముకు పసుపు బట్ట కట్టినం.”

“కానీ బాపూ, ఆ లెక్కే తప్పు. నేను తప్పు చెప్పాను.”

“నీ లెక్క నువ్వు దిద్దుకోవచ్చు బిడ్డా, అది నీ కాయితం” అన్నాడు ఆయన, కోపం ఏమీ లేకుండా. “మొక్కు మేం ఎట్ల దిద్దుకుంటం?” గంటసేపు బతిమాలాను. మొక్కింది నా మాట వినే కదా, ఆ పాపం నాది అన్నాను. పాపం గురించి ఎవరూ మాట్లాడలేదనీ, మాట ఇచ్చామనీ అన్నాడు. సాయవ్వ నన్ను పంపించడానికి రోడ్డు దాకా వచ్చి, అప్పుడు నెమ్మదిగా చెప్పింది, వాళ్ల పెద్దోడు, కోడలు మరమగ్గాల పనికి భీవండి పోవడానికి బట్టలు సర్దుకుంటున్నారని. ఆ ఎండాకాలం పదకొండు ఇళ్లలో నాలుగిళ్ల వాళ్లు అలా వెళ్లిపోయారు. అప్పటికే పట్టినవి పోగా చెరువులో రెండు వందల దాకా తల్లి చేపలు హాయిగా తిరిగాయి.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఎవరైనా నా లెక్కల్ని మెచ్చుకుంటే నాకు భయం వేస్తుంది. గుర్తు పెట్టడమంటే చేపకు ఏమీ కాదు, ఊరికే చూసుకోవడానికి ఒక చుక్క అనుకున్నాను. ఆ చుక్కకు ఆ ఊళ్లో నాకంటే ముందే ఒక అర్థం ఉంది. అది తెలియని మనిషిని నేనొక్కదాన్నే. చేపలన్నీ సమానంగా కలిసిపోతాయి, గుర్తున్నదాన్నీ లేనిదాన్నీ ఒకేలా పడతారు అని పుస్తకంలో చదివి పరీక్షలో రాశాను, మంచి మార్కులే వచ్చాయి. గట్టు మీద మాత్రం అది నిజమో కాదో చూసుకోలేదు. తెలంగాణ వచ్చింది, ఇప్పుడు ఆ మూడు చోట్లకూ బస్సులున్నాయి. జనగామలో పొద్దున ఎక్కితే సాయంత్రానికి చెల్పూర్‌లో దిగొచ్చు. వెళ్లేవాళ్లకు ఒక్కటే చెప్తాను. చేపలైనా, పిట్టలైనా, తాబేళ్లైనా, లెక్క కోసం దేనికైనా గుర్తు పెట్టబోయే ముందు ఆ గుర్తును తీసుకెళ్లి, వాటిని రోజూ చేత్తో ముట్టే ఆడవాళ్ల ముందు పెట్టి, “ఇది కట్టింది మీ చేతికొస్తే ఏం చేస్తరు అవ్వా?” అని అడగండి. పది నిమిషాల పని. ఆ పొద్దున సాయవ్వ నాకు నాలుగు గజాల దూరంలోనే కూర్చుని ఉంది.